ఐదో డబ్బా

భోజన విరామం అయిపోయిందని రెండో గంట మోగేసరికి ఇస్త్రీ పెద్దమ్మ నోట్లో ముద్ద ఇంకా సగం కూడా నలగలేదు. మింగుదామంటే గొంతుకు అడ్డం పడేట్టుంది, ఉమ్మేద్దామంటే ప్రాణం ఒప్పడం లేదు. చివరికి దాన్ని బుగ్గన పెట్టుకునే బల్ల మీంచి లేచింది. పై దవడకు రెండు, కింది దవడకు రెండు, వెరసి నాలుగు పళ్ళు ఆమెకు. అవి కూడా ఒకదానికొకటి ఎదురుపడవు. భోజనానికి అరగంట ఇచ్చిన రోజుల్లో ఎలాగో నమిలేది. ఇప్పుడు పావుగంటే. డబ్బాలో సగం అన్నం అలాగే ఉండిపోయింది.

"పోనీలే, సాయంత్రం మా పిల్లికి పెడతా," అంది మూత వేస్తూ.

ఆమెకు పిల్లి లేదని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ మాట రెండు బల్లల అవతల కూర్చున్న గ్లాసక్క చెవిన పడింది. పడాలనే అంది కూడా. గ్లాసక్క తల ఎత్తలేదు. ఎత్తితే ఎదురుగా గోడ మీద తన ఫొటోయే కనబడుతుంది.

చొక్కాలు కుట్టే ఆ కార్ఖానాలో ఆమె కాలర్ల మిషను మీద పనిచేస్తుంది. గ్లాసక్క అన్నది తోటివాళ్ళు సరదాకి పెట్టిన పేరు. బియ్యమైనా, శనగలైనా, నూనైనా, ఆఖరికి పిల్లల మీద కోపమైనా గ్లాసుతో కొలిచి మరీ తీస్తుందని వాళ్ళ వేళాకోళం. నెల కిందటి దాకా ఆ పేరు వింటే ఆమెకూ నవ్వొచ్చేది. ఇప్పుడు ఎవరూ అలా పిలవడం లేదు. అసలు ఆమెను పిలవడమే మానేశారు.

జరిగిందేమిటో మొదటినుంచీ చెప్పుకోవాలి. వాళ్ళింట్లో నోళ్ళు ఐదు. లారీల్లోంచి మూటలు దించే మొగుడు, మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉండే అత్త, పదకొండేళ్ళ కూతురు, ఏడేళ్ళ కొడుకు, తాను. ఆమె జీతం నెలకు తొమ్మిది వేలు. మొగుడి సంపాదన మూటలు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కూతురికి బళ్ళో బోర్డు మీది అక్షరాలు ఆనడం లేదని తెలిసింది. కళ్ళద్దాలకు పద్నాలుగు వందలన్నారు. ఎక్కడినుంచి తెస్తుంది? జీతం పెంచమంటే పెంచేవాళ్ళు లేరు, అద్దె తగ్గించమంటే తగ్గించేవాళ్ళు లేరు. తన చెయ్యి ఆడేది ఒక్క పొయ్యి దగ్గరే.

ఆడించింది. పిల్ల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, వారానికి ఏడు గడులు గీసి, వంటింటి గోడకు అంటించింది. ఉల్లిపాయలన్నీ ఆదివారమే తరిగి వేయించి సీసాలో పెట్టడం. శనగలు వారానికి రెండుసార్లే ఉడికించడం. సోమవారం కూరలో మిగిలిన బంగాళాదుంపలు మంగళవారం పొద్దున రొట్టెలోకి. సాయంత్రం పిల్లలకు కొట్లో కొనిచ్చే పొట్లాలు బంద్, వాటి బదులు వేయించిన శనగలు గుప్పెడు. తెల్లారి ఐదు డబ్బాలు వరసగా పెట్టి, అన్నం గ్లాసుతో కొలిచి నింపడం. ఇంట్లో ఉండే అత్తకు కూడా డబ్బాయే, ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించే పని లేకుండా. రోజూ గంటన్నర పట్టే వంట అరగంటకు దిగింది. మధ్యాహ్నం తిండికీ సాయంత్రం చిరుతిండికీ కలిపి నూట అరవై అయ్యే ఖర్చు నూట పదికి వచ్చింది.

చెప్పొద్దూ, గ్లాసక్కకు గర్వమేసింది. గర్వపడితే పడింది గానీ నోరు మూసుకుని ఉండాల్సింది. పక్క మిషను వాళ్ళకు చెప్పింది, కుళాయి దగ్గర చెప్పింది. అది ఆ నోటా ఈ నోటా పడి మేడం చెవికి చేరింది. కార్మికుల మంచీచెడ్డా చూడ్డానికని కంపెనీ పెట్టిన మేడం ఆమె. ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, అందరినీ అమ్మా అనే పిలుస్తుంది. ఒకరోజు భోజనాల గదిలో గ్లాసక్క పక్కనే వచ్చి కూర్చుంది.

"ఆరు నిమిషాల్లో తినేశారే!" అంది చేతి గడియారం చూసుకుంటూ.

"అన్నీ ముందే తయారుగా ఉంటాయి కదా మేడం. ఎంతసేపు పడుతుంది?" అంది గ్లాసక్క. డబ్బా మూత మాత్రం ఎదుట అడ్డంగా నిలబెట్టే ఉంచింది.

"ఇంట్లో ఎంతమంది?"

"ఐదుగురం మేడం."

"రోజుకి నూట పదేనా? ఐదుగురికీ?"

"ఐదుగురికీ."

మర్నాడే ఆ గోడ కాగితం తెప్పించుకుని ఫొటో తీయించింది. గ్లాసక్కకు చప్పట్ల మధ్య మూడు గిన్నెల స్టీలు క్యారేజీ బహుమతిగా ఇచ్చారు. ఆమె జన్మలో అందుకున్న మొదటి బహుమతి అది. ఇంటికెళ్ళేదాకా ఒళ్ళోనే పెట్టుకుంది.

రెండు వారాలకు నోటీసు పడింది. పైన నవ్వుతున్న గ్లాసక్క ఫొటో. కింద ఆమె వారం పట్టిక. ఆ కింద సంగతి. మన తోటి కార్మికురాలు నిరూపించినట్టు మనిషికి ఇరవై రెండుతో మధ్యాహ్నం తిండి, చిరుతిండి రెండూ సరిపోతాయి కాబట్టి, తిండి ఖర్చుకు కంపెనీ రోజుకు ఇచ్చే నలభై రూపాయలు ఇకమీదట ఇరవై రెండు. ముందే సిద్ధం చేసుకున్న భోజనం తినడానికి ఆరు నిమిషాలు చాలు కాబట్టి, భోజన విరామం అరగంట బదులు పావుగంట.

మూడు వందల మంది ఆ నోటీసు చదివారు. చదవడం రానివాళ్ళకు వచ్చినవాళ్ళు చదివి వినిపించారు. ఆరోజు నుంచి ఆమె కూర్చునే బల్ల దగ్గర ఎప్పుడూ రెండు చోట్లు ఖాళీ. బొత్తాలు కుట్టే పిల్ల ఆ అరగంటలో సందు చివరి ఇంటికి పరిగెత్తి చంటిదానికి పాలిచ్చి వచ్చేది. ఇప్పుడు పాలు చేపుకొచ్చి బట్టలు తడిసిపోతే, పైన గుడ్డముక్క కప్పుకుని మిషను ముందే కూర్చుంటోంది. ఒక్క మాట అనదు. అంటే బాగుండునని గ్లాసక్కకు అనిపించేది. తిట్టినా కొంత భారం దిగేది.

ఆ శనివారం పని వదిలే వేళకు మేడం కబురు పంపింది.

"సోమవారం మన చొక్కాలు కొనేవాళ్ళు వస్తున్నారమ్మా. భోజనాల గదిలో మీరో ఐదు నిమిషాలు మాట్లాడాలి. మీ పట్టిక గురించి, అంతే. వచ్చే నెల నుంచి మిమ్మల్ని మీ మిషన్ల వరసకు లైను లీడరుగా అనుకుంటున్నాం. ఎనిమిది వందలు ఎక్కువ."

ఎనిమిది వందలనగానే కూతురి కళ్ళు గుర్తొచ్చాయి. దాచింది వెయ్యి దాకా ఉంది. నెల తిరిగేసరికి కళ్ళద్దాలు వచ్చేస్తాయి. గ్లాసక్క తలూపింది. గేటు దాటాక ఎందుకూపానా అని తలకాయ బాదుకుంది. ఊపినదాన్ని వెనక్కి తీసుకునే ధైర్యం మాత్రం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఉల్లిపాయలు తరుగుతూ కూర్చుంది. అత్త పక్కన శనగల్లో రాళ్ళు ఏరుతోంది. మొగుడు అన్నం తింటున్నాడు. సోమవారం మాట్లాడేది బట్టీ పట్టడానికని ఆమె రాసుకున్న కాగితాన్ని కూతురు ముక్కుకు ఆనించుకుని చదువుతోంది.

"అమ్మా, ఇందులో లెక్క తప్పుంది."

"ఏం తప్పు?"

"మనిషికి ముప్పావు గ్లాసు బియ్యం అని పైన రాశావు. ఐదుగురికి మూడూ ముప్పావు రావాలి. కింద మూడే రాశావు. మూడంటే నలుగురికే."

"చదువుకునేదానివి, నీ లెక్క నువ్వు చూసుకో."

"గుడ్లు కూడా అంతే. రెండు గుడ్లు, తలా సగం అంటే నలుగురికే కదా. ఐదో సగం ఏది?"

గ్లాసక్క కత్తిపీట మీంచి చెయ్యి తీసింది. "నేను గిన్నె అడుగున మిగిలింది తింటాలేవే."

"మిగిలితే కదా," అంది అత్త, శనగల మీంచి చూపు తిప్పకుండా.

పిల్ల కాగితం మడిచింది. "నాకు తెలుసమ్మా. పొద్దున డబ్బాలు సంచిలో పెట్టేది నేనే కదా. ఐదోది ఎప్పుడూ తేలిగ్గా ఉంటుంది. అందుకే నేనూ బళ్ళో సగమే తిని మిగతాది తమ్ముడికి ఇచ్చేస్తున్నా. ఎవరికీ కనబడకుండా మూత అడ్డం పెట్టుకుంటా. ఇంట్లో తినేటప్పుడు నువ్వు పెట్టుకుంటావే, అలాగే."

మెచ్చుకుంటుందనే చెప్పింది పిచ్చిపిల్ల. మొగుడి చెయ్యి కంచంలో ఆగిపోయింది. అతనికి ఇన్నాళ్ళూ తెలియదో, తెలిసీ తెలియనట్టున్నాడో ఆ దేవుడికే తెలియాలి. "నాతో ఒక మాట అనొచ్చుగా," అన్నాడు మెల్లగా.

"ఏమని అంటుందిరా?" అంది అత్త. "నేనూ అందరూ తిన్నాకే తిన్నా, ఉంటే తిన్నా. మీ నాన్న గానీ నువ్వు గానీ ఒక్కరోజు అడిగారా? ఇప్పుడిది నేర్చుకుంది, రేపు ఆ పిల్ల. బాగుంది వరస."

గ్లాసక్కకు ఉల్లిపాయల ఘాటు అనుకోవడానికి కూడా వీల్లేని ఏడుపు వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ నోటీసు కంపెనీ వాళ్ళ పాపం, తన తెలివితక్కువతనం అనుకుని మనసుకు సర్దిచెప్పుకుంది. ఇప్పుడు అలా సర్దుకోవడం లేదు. ఐదుగురని చెప్పింది తనే. నలుగురి తిండి ఖర్చును ఐదుగురి లెక్కగా చూపించింది తనే. ఆరు నిమిషాల్లో ఎందుకు తినేసింది? డబ్బాలో గుప్పెడు మెతుకులూ ఉల్లిపాయ ముక్కా తప్ప ఏమీ లేక. ఖాళీ డబ్బా నలుగురి కంట్లో పడితే పరువు తక్కువని మూత అడ్డం పెట్టుకుంది. ఆ మూత చాటు అబద్ధం పెద్దమ్మ నోటి దగ్గర ముద్ద తీసేసింది, చంటిదాని పాలు తీసేసింది, చివరికి తిరిగి తిరిగి తన పిల్ల డబ్బాకే వచ్చింది. ఛీ, నా బతుకు, అనుకుంది.

సోమవారం భోజనాల గదిలో కొత్త బల్ల వేసి గుడ్డ పరిచారు. చొక్కాలు కొనేవాళ్ళు ఇద్దరు వచ్చారు. మేడం నవ్వుతూ మైకు ఆమె చేతికిచ్చింది. మూడు వందల మందీ డబ్బాలు ముందు పెట్టుకుని, ఇంకేం ఊడబెరుకుతుందో అన్నట్టు చూస్తున్నారు.

గ్లాసక్క బట్టీ పట్టిందేమీ చెప్పలేదు. బహుమతి క్యారేజీ బల్ల మీద పెట్టి గిన్నెలు ఒక్కొక్కటే విడదీసింది. పై గిన్నెలో గుప్పెడు అన్నం, ఉల్లిపాయ ముక్క. రెండోది ఖాళీ. మూడోది ఖాళీ.

"ఇదండీ నా మధ్యాహ్నం భోజనం," అంది. "రోజూ ఇదే. దీన్ని తినడానికి ఆరు నిమిషాలు కూడా ఎక్కువే. ఐదుగురం నూట పదితో తింటున్నామని చెప్పాను. అబద్ధం. తినేది నలుగురే. ఐదో మనిషిని నేను, ఆ లెక్కలో నేను లేను. అది చెప్పుకోడానికి సిగ్గేసి దాచాను. మీ నోటి దగ్గర కూడు పోయింది నా మూలంగానే."

మేడం మైకు కోసం చెయ్యి చాపింది. "అమ్మా, ఇవన్నీ ఇంటి విషయాలు. తర్వాత మాట్లాడుకుందాం."

"ఇంటి విషయమే మేడం. మరి గోడకెందుకు అంటించారు?"

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. మేడం నవ్వు మాత్రం మొదటిసారి చెదిరింది. కొనేవాళ్ళలో ఒకాయన ఏం జరుగుతోందని పక్కనున్న సూపర్‌వైజరును అడిగాడు, అతను ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆ కాగితం మీంచి నా ఫొటో తీసేయండి. నాకు లీడరు పని వద్దు. ఇలా తినండని నేను ఎవరికీ చెప్పను." మైకు గుడ్డ మీద పెట్టేసి, గిన్నెలు పట్టుకుని బల్ల దగ్గర్నుంచి కదిలింది. కళ్ళద్దాలు మళ్ళీ వెనక్కి పోయాయని ఆమెకు తెలుసు. రేపు కాలర్ల మిషను కూడా ఉంటుందో లేదో తెలియదు.

చప్పట్లు ఎవరూ కొట్టలేదు. ఆమె బల్లల మధ్యకు నడిచి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడిపోయింది. ఇస్త్రీ పెద్దమ్మ పక్కకు జరిగింది.

"ఇన్నాళ్ళూ చెప్పవేమే, దొంగమొహమా," అంటూ తన డబ్బాలోంచి సగం అన్నం తీసి ఆమె ఖాళీ గిన్నెలో వేసింది. అవతలి బల్ల నుంచి ఎవరో ఒక గుడ్డు దొర్లించారు. "కూర్చో. తిను."

అప్పుడే రెండో గంట మోగింది. అలవాటు కొద్దీ గ్లాసక్క లేవబోయింది.

"గంట కొట్టారు పెద్దమ్మా."

"వినబడింది. పళ్ళే లేవు గానీ చెవులు బాగానే ఉన్నాయి."

కొందరు లేచారు. కొందరు లేచి, పెద్దమ్మను చూసి, మళ్ళీ కూర్చున్నారు. బొత్తాల పిల్ల లేచింది గానీ మిషన్ల వైపు పోలేదు, గేటు వైపు నడిచింది. వాచ్‌మన్ అడ్డంగా నిలబడ్డాడు. ఆమె అతని ఎదురుగా, పక్కకు తప్పుకోకుండా నిలబడింది. గ్లాసక్క కూర్చుంది. చేతిలోని క్యారేజీ మూతను బల్ల కింద పెట్టింది. ముద్ద నోట్లో పెట్టుకుంది గానీ, నెమ్మదిగా ఎలా తినాలో మరిచిపోయినట్టుంది ఆమెకు.

"నములు," అంది పెద్దమ్మ. "ముందు నములు, ఏడుపు తర్వాత."

సూపర్‌వైజరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. గంట మళ్ళీ మోగింది, ఈసారి ఆగకుండా. గ్లాసక్క ఇంకా నములుతూనే ఉంది.