రెండో మీట

టేపులు విడుదల చేసే మా లేబుల్ పేరు అమడొయి. చూరు కింద వాన నీళ్లు మోసే రేకు గొట్టాన్ని మేం అలా అంటాం. ఆ పేరు పెట్టింది మినావొ. ఒసాకాలో తాళాల దుకాణం పైన ఒక గది, అందులో గోడ పొడుగునా టేపు రికార్డర్లు, మూల ఒక పరుపు, దాని మీద నేను. ఆఫీసంటే అదే. ఎవరైనా ఫోన్ చేసి మేనేజరుగారు కావాలంటే కాస్త ఆగి, గొంతు మార్చి నేనే మాట్లాడతాను.

ఈ వసంతంలో మూడు కొత్త టేపులు విడుదల చేశాం. మొదటిది మూతపడబోతున్న ఒక బట్టల దుకాణంలో లిఫ్టు చప్పుడు. ఒకవైపు ఎక్కడం, రెండోవైపు దిగడం. రెండోది గోండోది. గోండో సాక్సోఫోన్ వాయిస్తాడు గానీ ఊదడు, బొత్తాలు మాత్రం టకటకలాడిస్తాడు. వాళ్లమ్మకు వినిపిస్తే ఓపిగ్గా అంతా విని, "బాగుందిరా, ఇంతకీ మొదలెట్టేదెప్పుడు?" అందట. మూడోది నాది. పాత టేపు ముక్కల్ని వలయాల్లా అతికించి రికార్డర్లలో తిప్పుతాను. ఎవరి వంటింట్లోవో గిన్నెల చప్పుడు, ఎవరిదో దగ్గు, రైలు గేటు గంట, అలాంటివి వచ్చిపోతూ ఉంటాయి. ఇవి కొనేవాళ్లు కూడా ఉంటారా అని అడగకండి. ఉంటారు. వాళ్లందరి ముఖాలూ నాకు తెలుసు.

మా టేపులు ఫ్యాక్టరీలో చేయించం. ప్రతి కాపీ మొదటి నుంచి చివరిదాకా మామూలు వేగంతో తిరగాల్సిందే, తిరుగుతున్నంతసేపూ ఎవరో ఒకరు కూర్చుని వినాల్సిందే. "వినకుండా పంపితే అది సరుకు, సవాయే" అనేవాడు మినావొ. అతను వెళ్లిపోయి ఆరేళ్లయింది. నేనింకా వింటూనే ఉన్నాను. ఆ లిఫ్టు ఈమధ్య కలలోకి కూడా వస్తోంది.

మినావొ, నేనూ తొమ్మిదేళ్లు కలిసి వాయించాం, కలిసే బతికాం. అతని వాయిద్యం కొన్ని ఇత్తడి గిన్నెలు. పైన నీళ్ల సీసా వేలాడుతుంది, దాన్నుంచి ఒక నూలు దారం గిన్నెలోకి దిగుతుంది. తడిసిన దారం వెంట నీళ్లు జారతాయి. పక్కన కూర్చున్నవాళ్ల చెవికి కూడా ఆ చప్పుడు అందదు. గిన్నె అడుగున బిళ్లంత మైకు అతికించి, దాన్ని చప్పుడు పెంచి తగ్గించే మిక్సర్ పెట్టెకు తగిలించి, దాని మీట పైకి తోస్తే అప్పుడు స్పీకర్లలో వినాలి. దారాన్ని వేలితో బిగిస్తే ఒకలా, వదిలితే ఇంకొకలా పలికేది. చీకట్లో ఎవరో మనతోనే మెల్లగా మాట్లాడుతున్నట్టుండేది.

మేం వీపుకు వీపు ఆనించి కూర్చునేవాళ్లం. ముఖాలు చూసుకుంటే సైగలు మొదలవుతాయి, సైగలు మొదలైతే చెవులు పని మానేస్తాయి. అది మా నియమం. అతను నవ్వితే నా వీపుకు తెలిసేది.

ఒకరోజు అన్నం తింటూ అన్నాడు. "ఏ చప్పుడు విన్నా, దీన్ని టేపులో ఏ వైపు పెడదామా అనే అనిపిస్తోంది నాకు. టేపు కానక్కర్లేని చప్పుళ్లు వినాలనుంది." వాళ్ల ఊరు మత్సుయె వెళ్లి, అక్కడి సరస్సులో ఆల్చిప్పలు పట్టేవాళ్ల దగ్గర పనికి కుదిరాడు. అతన్ని ఆపడానికి నాకు మంచి కారణమేదీ దొరకలేదు. నాకు నువ్వు కావాలి అన్నది కూడా ఒక కారణమేనని అప్పుడు తోచలేదు.

గిన్నెలు వదిలేసి వెళ్లాడు. ఆ తర్వాత ఏ ఊరు వెళ్లినా వాటిని మోసుకెళ్లాను. నా వెనకాల అతని చాప పరిచి, గిన్నెలు పెట్టి, సీసాలో నీళ్లు పోసి, మైకు తగిలించి అప్పుడు కూర్చుంటాను. జనం అదేదో అలంకారం అనుకుంటారు, అనుకోనీ. మనిషి లేని మైకు స్పీకర్లలో ఊరికే గుమ్మంటుంది. అందుకని కూర్చోబోయే ముందు రెండో మీట కిందికి లాగేస్తాను. రెండోది మినావొది.

ఈ ఏడాది కొత్త టేపులతో ఒకయామా, మత్సుయె, కోబే తిరగాలని నిర్ణయించాను. వ్యాను తోలేది గోండో. అతనికి నా సంగతంతా తెలుసు, నోరు మాత్రం ఊరుకోదు.

"మత్సుయెలో మన టేపులు ఎవరు కొంటారక్కా?"

"కొంటారు."

"ఒకాయనకి మూడూ ఊరికే పంపావని విన్నాను, పోస్టు ఖర్చులు కూడా మనవేనట?"

"రోడ్డు చూసి తోలు."

"చూస్తూనే ఉన్నా. రోడ్డు కూడా నన్ను చూసి నవ్వుతోంది."

పంపిన మాట నిజమే. మూడు టేపులూ, కచేరీ వివరాలున్న గులాబీ రంగు కాగితమూ పంపాను. జవాబు రాలేదు. అతను రావాలి, నా వెనక కూర్చోవాలి, ఒక్కసారి ఆ దారం పలకాలి. ఈ ప్రయాణంలో నాకు కావలసింది అంతే. మిగతా రెండు ఊళ్లూ దాన్ని కప్పిపుచ్చడానికి పెట్టుకున్నవి.

మత్సుయెలో కచేరీ కతబామిగారి క్షౌరశాలలో. ఆవిడ ఆదివారం మధ్యాహ్నాలు కుర్చీలన్నీ అద్దాల వైపు నుంచి గది మధ్యకు తిప్పేసి మాలాంటివాళ్లను పిలుస్తుంది. జుట్టు కత్తిరించే కుర్చీల్లో జనం వెనక్కి వాలి కూర్చుంటారు. గోండో ముందు వాయించాడు. అతను లేచాక నేను తీగలు సర్దుతూ ఉంటే తలుపు గంట మోగింది.

రబ్బరు బూట్లు, నెరిసిన జుట్టు, సరస్సు వాసన. వచ్చి వంగి నమస్కరించాడు, ఎవరో కొత్తవాళ్లకు చేసినట్టు.

"టేపులు అందాయి. లిఫ్టు బాగుంది" అన్నాడు.

"నాది?"

"వినలేదు. ఎదురుగా వినొచ్చు కదా అని దాచుకున్నాను." గిన్నెల దగ్గర వంగి చూశాడు. "దారం కొత్తది."

"ఏటా మారుస్తాను."

అతను దారాన్ని వేలితో తాకి చూశాడు. బూట్లు విప్పి పక్కన పెట్టాడు.

"కూర్చోనా?"

"చాప నీదే కదా" అన్నాను. గొంతు మామూలుగానే వచ్చిందనుకుంటాను. నేనూ అతని వెనక కూర్చున్నాను. అతని వీపు తగిలింది. చిక్కిపోయాడు.

మొదలుపెట్టాను. వంటింటి గిన్నెలు తిప్పి, తగ్గించి, అతని కోసం చోటు విడిచాను. ఏమీ రాలేదు. తొందరలేదులే అనుకున్నాను. రైలు గేటు గంట తెచ్చాను, అది అతనికి ఇష్టం. అది కూడా తగ్గించి ఆగాను. స్పీకర్లలో నా టేపు బుసబుస తప్ప ఇంకేమీ లేదు. బయట క్షౌరశాల గుర్తుగా పెట్టిన ఎర్రా నీలం గీతల స్తంభం తిరుగుతున్న చప్పుడు, కతబామిగారి కెటిల్ చిటపట. అతని వీపు అప్పుడప్పుడు కదులుతోంది, ఊపిరి తీస్తున్నాడంతే అనుకున్నాను. వెనక్కి తిరిగితే నియమం తప్పుతుంది. తిరగలేదు. అన్ని వలయాలూ అయిపోయేదాకా చోటు విడుస్తూనే ఉన్నాను.

వచ్చాడు, కూర్చున్నాడు, వాయించలేదు. ఇదే జవాబన్నమాట. ఇంతకన్నా మర్యాదగా ఎవరూ కాదనలేరు. ఆఖరి టేపు ఆగేసరికి నాకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

మా జనం సంగతి మీకు తెలియదు. కచేరీలో కప్పు కూలినా అది కూడా కచేరీలో భాగమేననుకుని కూర్చుంటారు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. తర్వాత చప్పట్లు కొట్టారు. కతబామిగారు ముక్కు తుడుచుకుంటూ వచ్చింది. "ఆయన్ని చూశారా, ఒక్క చప్పుడైనా చేయకుండా అంతసేపు! నా ఒళ్లు జలదరించిందండీ."

మినావొ అప్పటికే బూట్లు తొడుక్కుంటున్నాడు.

"అర్థమైంది, సవాయే. మంచి కచేరీ" అని మళ్లీ అలాగే వంగి నమస్కరించి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. అర్థమైంది అనవలసింది నేను కదా అనిపించింది.

మర్నాడు పొద్దున కోబేకి బయల్దేరాం. గోండో మర్యాదకి ఏమీ మాట్లాడలేదు, అది నాకు ఇంకా బాధనిపించింది. ఊరికే కూర్చోలేక హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిన్నటి రికార్డింగు తీశాను. ప్రతి కచేరీ రికార్డు చేసుకోవడం మా అలవాటు, బాగుంటే తర్వాతి టేపు అవుతుంది. మా రికార్డరు మిక్సర్ మీటల సంగతి పట్టించుకోదు. ఎవరి మైకు వాళ్లకు విడివిడిగా, మీట దాకా రాకముందే పట్టేసుకుంటుంది. మొదట నాది విన్నాను. ఆ తర్వాత దేనికో రెండోది నొక్కాను.

నీళ్లు.

దారం బిగిసి వదిలిన చప్పుడు. గిన్నెలు ఒకదాని తర్వాత ఒకటి నిండుతూ శ్రుతి మారుతున్న చప్పుడు. మొదటి నుంచి చివరిదాకా ఉంది. నేను చోటు విడిచిన ప్రతిచోటా అతనున్నాడు. రైలు గంట తర్వాత ఒక్కో చుక్కా ఆగి ఆగి వేశాడు, మా పాత గదిలో రైలు వెళ్లాక గాజు తలుపులు అదిరినట్టుగా. ఆఖరికి వచ్చేసరికి మాత్రం చుక్కలు పలచబడ్డాయి. ఆపలేదు. ఎవరూ వినిపించుకోకపోయినా మాట మధ్యలో లేచిపోలేని మనిషిలా వాయిస్తూనే ఉన్నాడు.

ఆరేళ్లుగా చేస్తున్న పనే నా చెయ్యి నిన్న కూడా చేసింది. కూర్చోబోయే ముందు రెండో మీట కిందికి లాగేసింది.

"గోండో, బండి ఆపు."

సంగతి చెప్పాను. గోండో స్టీరింగు మీద తల కొట్టుకున్నాడు. "నేను చూశానక్కా! దారం లాగుతున్నాడు, గిన్నెలు మారుస్తున్నాడు, చప్పుడు రావట్లేదు. అబ్బ, ఏం ధైర్యంరా వీళ్లది, వాయించి కూడా వినిపించకపోవడం అనుకున్నాను! మీకు మించినవాళ్లు లేరని పక్కాయనతో కూడా అన్నాను!"

"చెప్పొచ్చు కదరా!"

"కచేరీలో లేచి వినబడట్లేదు అనాలా? మనవాళ్లలో? నన్ను మళ్లీ రానిస్తారా?" అంటూనే బండి వెనక్కి తిప్పాడు.

సరస్సు ఒడ్డున రేకుల షెడ్డు. మినావొ పొడుగాటి బల్ల ముందు నిలబడి ఆల్చిప్పలు గుప్పిళ్లతో దొర్లిస్తున్నాడు. బతికినవి గట్టిగా, తేటగా మోగుతాయి. చచ్చినవి బోలుగా పలుకుతాయి. చూడకుండా, వింటూ, బోలువి ఏరి పక్కన పడేస్తున్నాడు. నన్ను చూసి చేతులు ఆగాయి.

"మీట కిందికి ఉంది" అన్నాను. "అలవాటు. నేను లాగేశాను. నాకే తెలియలేదు."

"కావాలనే అనుకున్నాను."

"నువ్వు కావాలనే వాయించలేదనుకున్నాను నేను."

హెడ్‌ఫోన్లు ఇచ్చాను. దారిలో ఇద్దరివీ కలిపి ఉంచాను. చేతికి తడి గ్లౌజులున్నాయని తల వంచాడు, నేనే తగిలించాను. అలాగే నిలబడి మొత్తం విన్నాడు. మా ఇద్దరిలో ఎవరం ఎప్పుడూ మధ్యలో ఆపినవాళ్లం కాదు. మధ్యలో ఒకచోట నవ్వాడు. అది నా వంటింటి గిన్నెల చప్పుడుకి అతని గిన్నె జవాబిచ్చిన చోటని వినకుండానే తెలిసింది. అయిపోయాక కళ్లు మోచేత్తో తుడుచుకున్నాడు.

"దీన్ని విడుదల చేయకు."

"చేయను." లేబుల్ నడిపే మనిషిగా అది నాకు ప్రాణం మీదికొచ్చే మాట. నా జన్మలో ఇంత మంచి టేపు రాలేదు. "సాయంత్రం కోబేలో ఉంది. రా, మినావొ."

"రేపు తెల్లారి పడవలొస్తాయి."

"ఎల్లుండి?"

"ఎల్లుండి కూడా వస్తాయి."

అప్పుడు, ఇన్నేళ్లకు, ఆ కారణం చెప్పాను. "నాకు నువ్వు కావాలి."

బల్ల మీద ఆల్చిప్పల్ని ఒకసారి దొర్లించాడు. అన్నీ తేటగానే మోగాయి.

"విన్నాను" అన్నాడు. గ్లౌజులు విప్పి, "గిన్నెలు ఇక్కడ వదిలి వెళ్లు. నిన్న వేళ్లు మాట వినలేదు. మళ్లీ వాయిస్తే నీకు వినబడేలా వాయించాలి."

ఎప్పుడు అని అడగలేదు. అడిగితే పడవల సంగతి చెబుతాడు. గిన్నెలు, సీసా, దారం అన్నీ దింపాను. చాప మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను.

"బండి తేలికైపోయింది" అన్నాడు గోండో.

కోబేలో ఎప్పటిలా వెనక చాప పరిచాను. దాని మీద ఏమీ లేదు, గిన్నెలకు తగిలించే తీగ ఒక్కటే కొసన ఖాళీగా పడుంది. కూర్చోబోతుంటే నా చెయ్యి అలవాటుగా రెండో మీట మీదికి వెళ్లింది. ఈసారి దాన్ని పట్టుకుని చివరిదాకా పైకి తోశాను. స్పీకర్లలో ఖాళీ తీగ గుమ్మంది. ఆ చప్పుడు మధ్యనే వాయించాను, అతని కోసం విడిచే చోట్లన్నీ విడుస్తూ.

కచేరీ అయ్యాక ఒక ముసలాయన నా టేపు చేతిలో పట్టుకుని వచ్చాడు. "అడుగున మొదటి నుంచీ ఒక గుమ్మనే చప్పుడుంది కదండీ, అదేమిటి?"

"ఒకాయన రావాలండీ" అన్నాను. "ఇంకా రాలేదు."

ఆయన టేపు సంచిలో పెట్టుకున్నాడు. వంగి నమస్కరించి, ఆ ఖాళీ చాపకి కూడా ఒకసారి నమస్కరించి వెళ్లాడు.