నలభై ఎనిమిది అంకెలు

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు ఓరోర్ వయొలెట్ ఒక మీట నొక్కింది. దాంతో ఆమె భర్త అల్సీద్ మాట పడిపోయింది.

నోటి మాట పోయి అప్పటికే ఏడాదిన్నర దాటింది. కండరాలను ఒక్కొక్కటిగా చంపుకుంటూ వచ్చే ఆ జబ్బు ముందు చేతులు తీసుకుంది, తర్వాత కాళ్లు, ఆ తర్వాత నాలుక. కళ్లు మాత్రం మిగిలాయి. చక్రాల కుర్చీకి బిగించిన ల్యాప్‌టాప్ అడుగున చిన్న కెమెరా పట్టీ ఉండేది. స్క్రీన్ మీద ఏ అక్షరం వైపు అల్సీద్ చూస్తే దాన్ని అది పట్టుకునేది. అలా కూడిన మాటల్ని ల్యాప్‌టాప్ పైకి పలికేది. పలికేది అల్సీద్ గొంతుతోనే. జబ్బు బయటపడిన మొదటి చలికాలంలో ముందు గదిలో కూర్చుని, నాలుక తడబడకముందే, పదహారు వందల వాక్యాలు చదివి దాచుకున్న గొంతు అది. ముప్పై ఏళ్ల పాటు ఊరి మంచు హాకీ మైదానంలో మైకు ముందు కూర్చుని గోలు కొట్టినవాడి పేరు చెప్పిన గొంతు. సరిహద్దు నది అవతల కెనడావాళ్లు కూడా ఆ కేకకు కిటికీలు వేసుకుంటారని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

వారం రోజులుగా ఆ గొంతు నత్తి కొడుతోంది. అల్సీద్ ఒక అక్షరం చూస్తే మూడు సెకన్లకు గాని స్క్రీన్ మీద చుక్క కదలడం లేదు. ఒక వాక్యం చెప్పేసరికి చెమట పట్టేది అతనికి. యంత్రాన్ని ఇచ్చిన సహాయ సంఘానికి ఫోన్ చేస్తే, శుక్రవారం మనిషిని పంపుతామన్నారు.

ఓరోర్ ఆగలేకపోయింది. ఆగడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. ఇరవై ఏడు పంటలు బంగాళదుంపలు తవ్వే యంత్రాల్ని తన చేతులతో విప్పి బిగించిన మనిషి. మంచు పడకముందే దుంపంతా నేలలోంచి రావాలి, బెల్టు తెగితే ఎవరో వస్తారని చూస్తూ కూర్చోకూడదు. ఇంటర్నెట్టులో వెతికితే అదే రకం ల్యాప్‌టాప్ ఉన్న ఒకాయన రాసింది కనిపించింది: ఇందులో బొమ్మ చూపించే చిప్పులు రెండుంటాయి, యంత్రం లేచేటప్పుడు లోపలి సెట్టింగుల్లోకి వెళ్లి నెమ్మదిగా ఉన్నదాన్ని ఆపేస్తే, రెండోదానితో పరుగెడుతుంది అని.

"వద్దే ఓరోర్," అన్నాడు అల్సీద్, అక్షరానికి మూడేసి సెకన్లు. "శుక్రవారం దాకా ఆగు."

"నువ్వు ఆగుతావు. నీ తిప్పలు చూస్తూ నేనెక్కడ ఆగను?"

చాలాసేపు చూసి చూసి అతను ఇంకో వాక్యం కూడగట్టాడు. "నీకు చెప్పినా గోడకు చెప్పినా ఒకటే."

ఆమె నవ్వి, యంత్రాన్ని ఆపి, మళ్లీ లేపి, లోపలి సెట్టింగుల్లోకి వెళ్లింది. ఇంటర్నెట్టులో ఆయన రాసిన వరస కనిపించింది. మార్చింది. భద్రపరచమంటావా అని అడిగితే భద్రపరచమంది.

స్క్రీన్ నల్లబడింది. సరే, మళ్లీ లేస్తోంది అనుకుంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. మీటల కింద దీపాలు వెలిగాయి. స్క్రీన్ మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఐదు నిమిషాలు చూసింది. పది నిమిషాలు చూసింది. ఆ నల్లటి అద్దంలో తన మొహమూ, వెనక తెల్లటి కిటికీ కనిపిస్తున్నాయి.

స్విచ్చి అరనిమిషం నొక్కి పట్టుకుంది. తీగ పీకి మళ్లీ పెట్టింది. ముందు గదిలోంచి టీవీ ఈడ్చుకొచ్చి కేబులు తగిలించింది. టీవీ కూడా నల్లగానే ఉంది. మెనూలో ఏ మీట తర్వాత ఏ మీట నొక్కిందో గుర్తు చేసుకుని, స్క్రీన్ కనిపించకపోయినా, కళ్లు లేనివాళ్లు గోడ తడుముకున్నట్టు అదే దారిన వెనక్కి నడవబోయింది. రెండు కిందికి, ఒకటి పక్కకి, ఎంటరు. ఏమీ కాలేదు. ఎన్నిసార్లు కిందికి నొక్కిందో తనకే అనుమానం వచ్చింది. మళ్లీ మొదటినుంచి. మళ్లీ.

అల్సీద్ ఆమె చేతుల్నే చూస్తున్నాడు. అతని చూపును ఇప్పుడు మాటగా మార్చేవాళ్లు ఎవరూ లేరు.

పన్నెండింటికి నార్మన్‌కు ఫోన్ చేసింది. అల్సీద్ చిన్నాన్న కొడుకు, హైస్కూల్లో కంప్యూటర్లు చూసుకుంటాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి, బూట్ల మంచు గుమ్మంలో దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం వదినా, దీన్ని కూడా దుంపల మెషీన్ అనుకున్నావా?"

"ఎగతాళి తర్వాత. ముందు చూడు."

నార్మన్ అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "కంగారు పడకు అన్నా. గంటలో నీ చేత తిట్టిస్తాను దీన్ని."

అతను చెప్పింది సులువుగానే ఉంది. ఈ రకంలో స్క్రీన్ తీగ ఆమె ఆపేసిన చిప్పుకే కలిపి ఉందట. యంత్రం బతికే ఉంది, చూపించే దారి మూసుకుపోయింది, అంతే. సెట్టింగులు గుర్తుపెట్టుకునే గుండీ బ్యాటరీ ఒకటి లోపల ఉంటుంది, అది తీస్తే అన్నీ మర్చిపోయి మొదటికొస్తుంది. వెనక మూత విప్పి పెద్ద బ్యాటరీ ఊడదీసి, పైసంత గుండీ బ్యాటరీని గోటితో లేపాడు. పావుగంట ఆగాలన్నాడు. ఓరోర్ లేచి పలచటి పిండి అట్లలాంటి నాలుగు ప్లోయ్‌లు పోసి వెన్న రాసి పెట్టింది. నార్మన్ తిన్నాడు. ఆమె ముట్టలేదు.

మళ్లీ బిగించి స్విచ్చి నొక్కాడు. స్క్రీన్ వెలిగింది.

ఓరోర్‌కు అరుపే వచ్చింది. వంగి అల్సీద్ నుదుటి మీద ముద్దు పెట్టింది. అతని కళ్లు తడిశాయి. ఆ జబ్బులో నవ్వూ ఏడుపూ రెండూ ఒకలాగే వస్తాయి, ఏదో చెప్పడం కష్టం.

నార్మన్ మాత్రం కదలకుండా కూర్చున్నాడు. స్క్రీన్ నీలంగా ఉంది. దాని మీద తెల్లటి అక్షరాలు, కింద ఒక ఖాళీ గడి.

"ఏమంటోంది?"

"తాళం అడుగుతోంది వదినా." అతని గొంతు తగ్గింది. "లోపల మార్పు జరిగిందని పసిగట్టింది. దొంగ చేతిలో పడ్డాననుకుని డిస్కు మొత్తానికి తాళం వేసుకుంది. నలభై ఎనిమిది అంకెల నంబరు ఉంటుంది, అది కొడితేనే తీస్తుంది. మీ దగ్గర రాసిపెట్టి ఉందా?"

ఆమె అల్సీద్ వైపు చూసింది. గూట్లోంచి ప్లాస్టిక్ పలక తీసింది. యంత్రం రాకముందు వాడింది, అక్షరాలు గుంపులుగా అచ్చేసిన పారదర్శకమైన పలక. మొహానికి ఎదురుగా పట్టుకుంటే అతను ఏ మూలకు చూస్తే ఆ గుంపు, తర్వాత ఏ రంగుకు చూస్తే ఆ అక్షరం. ఆమె ఒక్కొక్కటే పైకి చదవాలి.

"ప... పచ్చ... పచ్చ పుస్తకం. హాకీ పుస్తకమా?"

అతను కళ్లు ఒకసారి మూసి తెరిచాడు. అవును.

పాత ఆటల లెక్కలు రాసుకునే పచ్చ అట్ట పుస్తకం అలమరలోనే దొరికింది. చివరి పేజీలో ఎనిమిది గుంపులుగా అంకెలు, ఓరోర్ చేతి రాతే. నార్మన్ ఒక్కొక్కటే కొట్టాడు. ఆమె పక్కన నిలబడి చదివింది. ఆఖరి అంకె తర్వాత ఎంటరు నొక్కాడు.

సరిపోలేదంది.

ఇంకోసారి, నెమ్మదిగా, వేలు పెట్టి చూసుకుంటూ కొట్టారు. సరిపోలేదు. అప్పుడు నార్మన్ స్క్రీన్ పైన చిన్న అక్షరాల్లో ఉన్న గుర్తు సంఖ్యనూ, పుస్తకంలో పైన రాసి ఉన్నదాన్నీ పోల్చాడు. పుస్తకం మూసేశాడు.

"ఇది దీని తాళం కాదు వదినా. పాత ల్యాప్‌టాప్‌ది."

నిరుడు మే నెలలో సంఘంవాళ్లు పాతది తీసుకెళ్లి ఇది ఇచ్చారు. వాళ్ల దగ్గర స్వచ్ఛందంగా పనిచేసే పెద్దాయన ఒకరు కూర్చుని గొంతంతా అందులోకి మార్చిపెట్టాడు. కాగితం ఏదైనా ఇచ్చాడా? ఓరోర్‌కు గుర్తులేదు. సంఘానికి ఫోన్ చేస్తే అవతల అమ్మాయి ఎంతో మర్యాదగా మాట్లాడింది. పాతదాన్ని అప్పుడే తుడిచేసి ఇంకొకరికి ఇచ్చేశారట. ఆ పెద్దాయన వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. అతని నంబరిస్తే నార్మన్ అతనితోనూ మాట్లాడాడు. తాళం నంబరును ఆ కొత్త యంత్రంలోనే ఒక ఫైలుగా దాచానని చెప్పాడు అతను. గొంతు తయారుచేసిన చిన్న కంపెనీ ఏడాది కిందటే మూతపడింది. చదివిన పదహారు వందల వాక్యాలూ ఈ యంత్రంలోనే ఉన్నాయి.

"ఇంకెక్కడా లేదా? మైదానంలో క్యాసెట్లేమైనా?" అన్నాడు నార్మన్.

"ఒకటుంది. అందులో జనం గోలే గాని ఈయన వినపడడు."

గది వేడిగా ఉంది, హీటరు టకటకమంటోంది. అల్సీద్ కళ్లు పలకను వెతుకుతున్నాయని ఆమెకు అర్థమైంది. పట్టుకుంది.

"ఎ... ఎందుకు..." ఆమె చదువుతోంది. ఒక గుంపు, ఒక రంగు. ఒక గుంపు, ఒక రంగు. "ఎందుకు ము... ముట్టు..."

ఆగింది. మిగతాది తెలిసిపోయింది. కానీ అతను కళ్లు తిప్పడం ఆపలేదు. చివరి అక్షరం దాకా చెప్పాలనే ఉంది అతనికి. అతని మాట పైకి రావాలంటే ఆమె నోటితోనే రావాలి.

"ఎందుకు ముట్టుకున్నావ్," అంది ఓరోర్ తన గొంతుతో.

నార్మన్ కిటికీ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఆమె పలక బల్ల మీద పెట్టి, కోటు లేకుండానే వెనక షెడ్డులోకి వెళ్లింది. అక్కడ దుంపల యంత్రం పాత గేరు ఒకటి నూనె గుడ్డలో చుట్టి ఉంటే దాని మీద చెయ్యి పెట్టి నిలబడింది. ఏడుపు రాలేదు. విరిగిన ఇనుమైతే వెల్డింగు పెట్టొచ్చు, అరిగిన పళ్లయితే మార్చొచ్చు. ఏమీ విరగలేదు ఇక్కడ. అన్నీ బాగానే ఉన్నాయి. వేళ్లు కొయ్యబారాక లోపలికొచ్చింది.

నార్మన్ అప్పటికే అన్నతో పలక మీద మాట్లాడి ఉన్నాడు. "కొత్త డిస్కు వెయ్యమంటున్నాడు వదినా. నా దగ్గరుంది. ఇవాళే ఏదో ఒక గొంతుతో మాట్లాడాలి, రాత్రి ఊపిరాడకపోతే పిలవాలి కదా అంటున్నాడు."

"మరి పాతది?"

"దాచుకో. గొంతు ఎక్కడికీ పోలేదు, ఇందులోనే ఉంది." యంత్రంలోంచి ఊడదీసిన పాత డిస్కును, బొటనవేలంత పచ్చ రేకును, ఆమె అరచేతిలో పెట్టాడు. "తాళమే లేదు."

"ఎవరైనా తీయగలరా?"

నార్మన్ అబద్ధం చెప్పే మనిషి కాదు. తల అడ్డంగా ఊపాడు.

ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుంది. బరువే లేదు. చివరికి ఒక కవరులో పెట్టి, మీద ఏం రాయాలో తెలియక ఏమీ రాయకుండా, చక్కెర డబ్బాల వెనక పెట్టింది.

ఐదింటికల్లా కొత్త డిస్కుతో యంత్రం లేచింది. చుక్క చకచకా కదులుతోంది, వారం రోజుల నత్తి లేదు. మగ గొంతులు తొమ్మిది ఉన్నాయి, ఏది కావాలో చెప్పమని నార్మన్ ఒక్కొక్కటే వినిపించాడు. రెండోదానికే అల్సీద్ కళ్లు మూసుకున్నాడు. నార్మనే ఏదో ఒకటి పెట్టాడు. వార్తలు చదివేవాడి గొంతు, నున్నగా, ఏ ఊరిదీ కాకుండా.

అల్సీద్ మొదట భార్య పేరు కూర్చాడు.

"అరోరా," అంది యంత్రం.

అతను అక్షరాలు మార్చాడు. "ఆరర్," అంది. మళ్లీ మార్చాడు. "ఓ రోడ్," అంది. నార్మన్‌కు నవ్వు వచ్చింది, అంతలోనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. కాసేపటికి టోపీ పెట్టుకుని, పొద్దున మళ్లీ వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

అల్సీద్ ఆమెను మళ్లీ పేరు పెట్టి పిలవలేదు. స్క్రీన్ మూలలో గంట బొమ్మ ఒకటి ఉంది, దాన్ని చూస్తే యంత్రం టింగుమంటుంది. కావలసినప్పుడల్లా దాన్నే చూసేవాడు. ఆమె వచ్చి "ఏంటి?" అంటే, వార్తల గొంతు "దిండు" అనేది, "తెర వెయ్యి" అనేది, "చాలు" అనేది. మునుపు రోజంతా ఏదో ఒకటి గొణిగేవాడు, ఆట గురించో, పక్కింటి వాళ్ల కుక్క గురించో. ఇప్పుడు అవసరమైనంతే.

మార్చి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం అతనికి గడ్డం గీస్తూ ఆమె అడిగింది.

"పేరు పెట్టి పిలవొచ్చు కదా. అది ఎలా పలికితే ఏం, నువ్వు పిలిచావని నాకు తెలియదా?"

అల్సీద్ అక్షరాల వైపు చూశాడు. చుక్క ఆమె పేరు మొదటి అక్షరం మీదికి వెళ్లింది, అక్కడే చాలాసేపు నిలిచింది. ఆమె చేతిలో బ్లేడు ఆపి ఎదురుచూసింది. చుక్క నెమ్మదిగా మూలకు జరిగింది, గంట మోగింది.

"ఏంటి?" అంది ఓరోర్.

"ఏం లేదు," అంది ఆ గొంతు.

ఆమె రెండో చెంపకు సబ్బు రాసింది.