వీడియోలో గొంతు

"స్కూల్లో నువ్వు నోరు తెరవాకు. మాట్లాడేది నేను చూసుకుంటా," అన్నాడు పార్థసారథి, ఫోన్లోంచి తలెత్తకుండా.

సౌజన్య నానిన బొరుగుల్ని గుప్పిళ్ళతో పిండుతోంది. మొగుడికీ అత్తకీ కొడుక్కీ ఉగ్గాని చేసిపెట్టి, పుప్పాలగూడలో భరత్ చదివే స్కూలుకు పరుగెత్తాలి. అక్కణ్నుంచి ఆఫీసుకు. నిన్నటిదాకా స్కూలు పనంటే ఆమె పనే. పార్థసారథికి కొడుకు ఏ సెక్షనో కూడా తెలియదు. ఇవాళ మాత్రం తనే వస్తాడట.

"ఆ పిల్లోడే తేడా అంట గదా," అంది అత్త ఓబులమ్మ సోఫాలోంచి. "మగపిల్లోళ్ళు నవ్వకుండా ఉంటారా? దానికి మన బిడ్డమీద పంచాయితీనా?"

భరత్ క్లాసులోనే చదివే ఆదర్శ్ తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని ఒక్క స్నేహితుడికి చెప్పుకున్నాడు. సాయంత్రానికి ఆ మాట తొమ్మిదో క్లాసంతా పాకింది. మర్నాడు కొందరు కలిసి వాణ్ణి అమ్మాయిల బాత్రూంలోకి నెట్టి గడియ పెట్టారు. "ఆడంగీ, గాజులు తేవాల్నా?" అని తలుపు బాదుతూ వీడియో తీశారు. అందులో ముఖాలు లేవు. లోపల్నుంచి ఏడుపు, బయట్నుంచి ఒక గొంతు.

సౌజన్య ఆ వీడియో ఒక్కసారే చూసింది. రెండోసారి అక్కర్లేకపోయింది. భరత్ చిన్నప్పుడు ఆమె పక్కన నిలబడి గిన్నెలు తుడవబోతే పార్థసారథి ఇదే 'ఆడంగీ' మాట అన్నాడు, ఇలాగే సాగదీసి. ఆ రోజు వంటింట్లోంచి వెళ్ళిన పిల్లాడు మళ్ళీ గిన్నె ముట్టలేదు. ఆ మాటకు అంత విషం ఎక్కడిదో ఆమెకు ఇప్పుడు అర్థమైంది. ఈ ఇంట్లో ఒకణ్ణి ఘోరంగా అవమానించాలంటే, వాణ్ణి సౌజన్యతో పోలిస్తే చాలు.

ప్రిన్సిపాల్ భ్రమరాంబ గదిలో ఏసీ చల్లగా ఉంది. ఎదురుగా ఆదర్శ్ తల్లి నీహారిక, కళ్ళు వాచిపోయి.

"ముఖాలే లేకపోతే ఎవరిమీద యాక్షన్ తీసుకోమంటారండీ?" అంది భ్రమరాంబ. "మీ బాబుకి టీసీ ఇస్తాం. వేరే స్కూల్లో వేసుకోండి. వాడికే మంచిది."

"దెబ్బ తిన్నవాడే పోవాలాండీ?" అంది నీహారిక. "వాడు గదిలోంచి బయటికే రావట్లేదు."

"పిల్లోణ్ణి మగోడి మాదిరి పెంచుకోవాల్సింది మీరమ్మా," అన్నాడు పార్థసారథి. "ఆ గొంతు మావోడిది కానే కాదు."

భ్రమరాంబ సౌజన్య వైపు తిరిగింది. "తల్లిగా మీరు చెప్పండి. మీరూ కాదంటే ఈ గొడవ ఇక్కడితో వదిలేద్దాం."

బల్ల కింద పార్థసారథి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుని నొక్కింది. నొప్పి మోచేతిదాకా పాకింది. కాదు అంటే చాలు. ఆదర్శ్ వెళ్ళిపోతాడు, ఇల్లు చల్లగా ఉంటుంది. భరత్ రేపు ఇంకొకడి మీద గడియ పెడతాడు.

"మా భరత్ గొంతే," అంది సౌజన్య.

"పిచ్చి పట్టిందా మే నీకు! కన్నకొడుకును పట్టిస్తావా?"

ఆమె చెయ్యి విదిలించుకుని లేచి తలుపు తీసింది. బయట బెంచీ మీంచి లేచిన భరత్, తండ్రి కోసం ఆమె భుజం మీదుగా లోపలికి చూశాడు. ఆమె ఆ చూపుకు అడ్డంగా నిలబడింది.

"లోపలికి రా భరత్. ఆదర్శ్ వాళ్ళమ్మకు ఏం చెప్పుకుంటావో తర్వాత. ఆడదానిలా ఉంటే సిగ్గుపడాల్సిందేముందో, ముందు నాకు చెప్పు."