అవ్వ కనిపించే అద్దం

శారోన్ తన కాలేజీలో ఒక అద్దం చేసి చూపాలి. గాజుది కాదు. జరీకి కోసే మెరుపు ఫిల్మును పెట్టె మూతికి బిగించి, పక్కనున్న గొట్టంతో గాలి పీలిస్తే ఫిల్ము లోపలికి వంగి పుటాకార దర్పణమవుతుంది. ఎంత పీలిస్తే ఎంత వంగుతుందో పిల్ల ముందే లెక్క కట్టుకుంది. బిగించే పని మాత్రం తండ్రి సామ్యేలుకు అప్పగించింది. భివండీ నాగావ్ మరమగ్గాల మధ్య తల నెరిసిన మనిషాయె, ఆయన చెయ్యి ఊరుకుంటుందా! పడుగు బిగించినట్టే నిలువునా లాగి కట్టాడు, అడ్డం వదులుగా వదిలేశాడు.

కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగిన మధ్యాహ్నం శారోన్ గొట్టం పీల్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"బాపూ, గిదేంది? మొఖం అడ్డంగ సాగుతున్నది. అన్ని దిక్కుల ఒక్కతీరు బిగువుండాలె!"

"సాంచా మగ్గం మీద గట్లనే కడ్తం బిడ్డా" అని నసిగాడు సామ్యేలు.

వేడుక చూద్దామని తొంగిచూసిన తల్లి ఐలమ్మకు నవ్వు ఆగిపోయింది. ఎండిపోయిన ఆమె బక్క మొహం అద్దంలో వెడల్పుగా, నిండుగా విచ్చుకుంది. అది ఆమె మొహం కాదు. ఆమెను కన్నతల్లిది.

ఆ తల్లి కరీంనగర్ పక్క పల్లెలో పోయిననాడు ఐలమ్మ ఇక్కడ భివండీలో పచ్చి బాలింత. మట్టికి అందలేదు. ఫోటో ఒక్కటీ లేదు. ఏటికేడు ఆ మొహం మనసులో చెరిగిపోతుంటే, తల్లినే మరిచిన పాపిష్టిదాన్నని లోలోపల కుమిలిపోయేది.

శారోన్ ఫిల్ము కోయడానికి కత్తెర తీసింది. ఐలమ్మ చప్పున ఆ చెయ్యి పట్టుకుంది.

"కొయ్యకు బిడ్డా. అండ్ల మా అవ్వ ఉన్నది."

శారోన్ తెల్లబోయింది. "ఎట్లుండేదో చెప్పమ్మా. లెక్క కట్టి మళ్ల గట్లనే వంచి చూపిస్త."

ఐలమ్మ తన బుగ్గలు తడుముకుంది. "చూస్తె గుర్తువడ్త" అంది. "చెప్పనీకి వస్తలేదు."

శారోన్ కత్తెర కింద పెట్టింది. సామ్యేలు చొక్కా తొడుక్కుని కొత్త ఫిల్ము కోసం బయల్దేరాడు.

"అయితె నువ్వే పీల్చు. అమ్మమ్మ వచ్చినకాడ ఆపు" అని కూతురు గొట్టం చేతికిచ్చింది.

ఐలమ్మ మెల్లగా పీల్చింది. బుగ్గలు నిండాయి, నుదురు విప్పారింది. తల్లి వచ్చింది. పెదవుల మధ్య గొట్టం బిగబట్టి, రెప్ప వేయకుండా చూసింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, "అవ్వా" అని పిలవాలని గొంతుదాకా వచ్చింది.

పిలవాలంటే నోరు విప్పాలి. విప్పితే గాలి పోతుంది, తల్లీ పోతుంది.

అద్దంలో తల్లి కూడా ఏడుస్తోంది. ఐలమ్మ పిలవలేదు.