ఆశీర్వాదం గారి సాక్ష్యం

ఆదివారం ఆరాధన అయిపోయి జనం టిఫిన్ పొట్లాల దగ్గర వరుస కట్టారు. సంపూర్ణమ్మ గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటూ ఉంటే ఎవరో వచ్చి మోచెయ్యి పట్టుకున్నారు. తెలియని మనిషి. నలభై దాటిన ఆడది, ముక్కుకు రెండువైపులా పుడకలు, చేతిలో ఫోను.

"అమ్మా, ఈ బాబు ఏరీ? ఓపాలి సూపించమ్మా. హార్బర్ కాడ్నుంచి ఒచ్చినాం. నాను నూకాల్ని. అదిగో, మా ఇంటాయన అప్పలరాజు."

గోడవార కుర్చీలో మెడకు తువ్వాలు చుట్టుకుని ఒక బక్కమనిషి కూర్చున్నాడు.

సంపూర్ణమ్మ ఫోను చూసింది. అందులో నవ్వుతున్నది తన భర్త ఆశీర్వాదం. వెనక నీలం వెలుగు, కింద పెద్ద అక్షరాలు: 'గొంతు క్యాన్సర్ మాయం! డాక్టర్లు చేతులెత్తేశారు, దేవుడు చెయ్యి చాపాడు!'

ఆయన్ని మట్టిలో పెట్టి అప్పటికి రెండు నెలలు.

ఆశీర్వాదం విశాఖ స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ రేపల్లె వైపు నుంచి వచ్చి కూర్మన్నపాలెంలో కాపురం పెట్టేనాటికి ఇక్కడ లూథరన్ క్రైస్తవులంటే వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని కుటుంబాలే. ఒకరింట్లో చాపల మీద కూర్చుని మొదలుపెట్టిన సంఘం రేకుల షెడ్డయింది, ఆ తరవాత గుడి అయింది. పాపాల ఒప్పుకోలు, క్షమాపణ మాట, వాక్యం, ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం. పాదిరిగారు మారినా ఆ క్రమం మారేది కాదు.

విల్సన్ అయ్యగారు వచ్చాక మారింది. చిన్న వయసు, మంచి మాటకారి, సంఘాలను ఎలా పెంచాలో హైదరాబాదులో శిక్షణ పొంది వచ్చారు. మొదట తెల్ల అంగీ విప్పేశారు. పాత కీర్తనలు పోయి డ్రమ్ములు వచ్చాయి. కొత్తవాళ్ళ చేత రాగానే 'మేము పాపులం' అనిపిస్తే మళ్ళీ ఈ గడప తొక్కరని ఒప్పుకోలు ఎత్తేశారు. పాటలు చూపించే తెర పెట్టడానికి శిలువను దింపి సామాన్ల గదిలో చేర్చారు. బోర్డు మీద లూథరన్ అన్న మాట అడుగున చిన్న అక్షరాల్లోకి దిగింది. జనం మాత్రం నిజంగానే వచ్చారు. ఒక ఆరాధన చాలక రెండు, రెండు చాలక మూడు.

ఆ రోజుల్లోనే ఆశీర్వాదానికి గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. కాస్త తేరుకుని గంజి తాగే రోజుల్లో అయ్యగారు కెమెరా మనిషిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు.

ఆశీర్వాదం ఆ రోజు చాలాసేపు మాట్లాడాడు. "కోసిన డాక్టరమ్మకి దణ్ణం. కరెంటు పెడుతుంటే నొప్పికి ఏడ్చాను. దేవుణ్ణి తిట్టాను కూడా. అయినా ఆయన నన్ను వదల్లేదు. ఈ రోగం మళ్ళీ వచ్చినా, నేను పోయినా, బాప్తిస్మం నాడే ఆయనవాణ్ణయిపోయాను. నాకది చాలు."

వీడియోలో మిగిలింది 'ఆయన నన్ను వదల్లేదు' అన్న ముక్కా, ఆ తరవాతి నవ్వూ. చూసి ఆశీర్వాదం, "డాక్టరమ్మ ఒక్కచోటే కోసింది. వీళ్ళు ముక్కలు ముక్కలు చేశారే" అన్నాడు. ఎండ ముదిరేసరికి రోగం తిరగబెట్టింది. మనిషి పోయాడు. వీడియో ఉండిపోయింది.

సంపూర్ణమ్మ నూకాల్ని వేపచెట్టు నీడకు తీసుకెళ్ళింది.

"ఆయన నా భర్తేనమ్మా. ఆపరేషన్ చేశాక కొన్నాళ్ళు బాగున్నారు. మళ్ళీ వచ్చింది. పోయారు."

"ఎల్లిపోనారా?" నూకాలు ఫోను కేసి చూసింది. "మరి ఇందల ఇలాగ నవ్వుతన్నారేటి?"

"అది ముందు తీసింది. మీ ఆయనకి వైద్యం జరుగుతోందా?"

"పెద్దాసుపత్రిలో కరెంటు ఎడతన్నారు. గొంతు కాలిపోతందని ఈడు ఒకటే ఏడుపు. ఇది సూసినాక మానిపించేసినాను."

"మాన్పించొద్దు తల్లీ. ప్రార్థన చేసుకుంటూనే రేపు తీసుకెళ్ళు. నేనూ వస్తాను."

నూకాలు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆమె ముఖంలో అంతదాకా ఉన్న ఆశ కోపంగా మారింది.

"ఈ గుడి మనిసివై ఉండి ఇలాగ సెప్తన్నావేటి? నమ్మినోడికి నయవవుద్దని అయ్యగోరు ఇప్పుడే గదా సెప్పినారు. నీకే నమ్మకం సాల్లేదేమో. అందుకే నీ మొగుడు పోనాడేమో."

ఆ మాట సంపూర్ణమ్మ పక్కటెముకల్లో దిగింది. నూకాలి మీద మాత్రం కోపం రాలేదు. ఆ మాట నూకాలి నోట పెట్టింది ఎవరో ఆమెకు తెలుసు.

మర్నాడు సంఘపెద్ద జగ్గయ్యను వెంటబెట్టుకుని అయ్యగారి ఆఫీసుకు వెళ్ళింది. జగ్గయ్య ఆశీర్వాదానికి స్నేహితుడు, శవపేటిక మోసినవాడు.

"ఆ వీడియో తీసేయండి అయ్యగారూ."

"ఆంటీ, అంకుల్ ఇంకా సేవ చేస్తున్నట్టే. ఆయన్ని చూసి ఎంతమంది గుడికి వస్తున్నారో మీకు తెలీదు."

"అబద్ధాన్ని చూసి వస్తున్నారు."

"తీసిన రోజున నిజమే కదా?"

"బాప్తిస్మం నీళ్ళలో, బల్ల మీది రొట్టెలో, వాక్యంలో నన్ను వెతుక్కోండని దేవుడు మాటిచ్చాడు. గడ్డ కరిగిస్తానని అందరికీ మాటివ్వలేదు. ఆయన ఇవ్వని మాట మనం ఎలా ఇస్తాం? సొంత కొడుకుని కూడా శిలువ మీంచి దింపలేదే ఆయన! బాగుపడ్డవాడికే మైకు ఇస్తే, బాగుపడనివాడు ఎక్కడికి పోవాలి?"

విల్సన్ అయ్యగారు ఓపిగ్గా నవ్వారు. "ఈ పాఠాలన్నీ తెలిసినవాళ్ళు అప్పట్లో ఒక గది నిండా లేరు ఆంటీ. ఇప్పుడు గుడి చాలట్లేదు. కాలం మారింది, వల మార్చాలి."

"మీరు వల మార్చలేదు అయ్యగారూ. గాలానికి ఎర గుచ్చారు."

బయటికొచ్చాక జగ్గయ్య తల దించుకుని, "నువ్వన్నది నిజవేనమ్మా. కానీ గుడి నిండినాక కమిటీలో నా మాట ఎవులింటారు? నానొక్కణ్ణీ ఏటి సేత్తాను?" అన్నాడు.

తరవాతి ఆదివారం అప్పలరాజును వేదిక ఎక్కించారు. అయ్యగారు గొంతు మీద చెయ్యి వేసి ప్రార్థించారు, నొప్పి పోయిందా అని మైకు పెట్టారు. అన్ని కళ్ళు తనమీదే ఉంటే ఆ బక్కమనిషి ఏం చెబుతాడు? తల ఊపాడు. గుడి దద్దరిల్లేలా చప్పట్లు. పక్కన నూకాలు పొంగిపోయి ఏడుస్తోంది.

"ఇంకెవరైనా సాక్ష్యం చెబుతారా?" అన్నారు అయ్యగారు.

సంపూర్ణమ్మ లేచింది. ఎవరూ ఆపేలోపు మెట్లెక్కి, పాటలు పాడే అమ్మాయి చేతిలోని మైకు అందుకుంది.

"నేను ఆశీర్వాదం గారి భార్యను. ఆయన చనిపోయారు. నమ్మకం లేక కాదు, నమ్ముతూనే పోయారు. అప్పలరాజు బాబూ, నువ్వు ఆసుపత్రి..."

మైకు మూగబోయింది. డ్రమ్ములు అందుకున్నాయి. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. తన గొంతు తనకే వినబడలేదు. ముందు వరుసలోవాళ్ళు జాలిగా చూశారు, మొగుడు పోయిన దిగులుతో మతి చలించిందన్నట్టు. చివరికి చెయ్యి పట్టుకుని కిందికి దింపింది జగ్గయ్యే.

వర్షాలు మొదలయ్యాక ఆ జగ్గయ్యే కబురు తెచ్చాడు. అప్పలరాజుకు ఊపిరాడక ఆసుపత్రికి మోసుకుపోయారట, ఇంక చెయ్యగలిగింది లేదన్నారట. మూడోనాడు పోయాడు. బాప్తిస్మం కాలేదు గనక మన లెక్కలో లేడని గుడి నుంచి ఎవరూ వెళ్ళలేదు.

సంపూర్ణమ్మ ఒక్కతే బస్సెక్కి వెళ్ళింది. హార్బర్ వెనక సందులో, ఆరబెట్టిన వలల పక్కన, ఆడవాళ్ళ మధ్య నూకాలు కూర్చుని ఉంది. ముక్కు పుడకలు తీసేశారు. సంపూర్ణమ్మ వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చుంది. నూకాలు తలెత్తింది.

"నమ్మమన్నోరూ మీ గుడోరే. ఆసుపత్రికి పొమ్మన్న దానివీ మీ గుడిదానివే. నాను ఎవుల్ని నమ్మాల?"

సంపూర్ణమ్మ మా వాళ్ళ తరఫున నన్ను క్షమించమని అడుగుదామనే ఇంత దూరం వచ్చింది. చేతులు రెండూ దగ్గరికి తెచ్చింది.

నూకాలు దాన్ని ఇంకోలా అనుకుంది.

"పార్తన ఒద్దు. మాయింటి కాడ ఒద్దు. లెగు."

ఆడవాళ్ళు పక్కకి జరిగి దారి ఇచ్చారు. సంపూర్ణమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, వలలు తొక్కకుండా జాగ్రత్తగా సందులోంచి బయటికి నడిచింది.