నల్లబడకూడని పాత్ర

మా కొట్టుకి ఆ పాత్ర వచ్చిన రోజున దానికి దణ్ణం పెట్టుకున్నాను. అట్టపెట్టె మీద ‘ఇది మీ ప్రాణాలు కాపాడును’ అని అచ్చు వేసి ఉంది. ప్రాణాలు కాపాడడం దేవుడి పని. ఆ పనిలో కొంత మేమూ పంచుకుంటామని గనుల ఆఫీసు వాళ్ళంటే కాదనడానికి నేనెవర్ని?

మా పని గురించి ముందు చెప్పాలి. మా వీధి వెనక కొండలో జనం బంగారం తవ్వుతారు. రాయిని పిండి చేసి, నీళ్ళతో కడిగి, అందులో పాదరసం పోసి పిసుకుతారు. పాదరసం బంగారాన్ని పట్టుకుని తెల్లటి ముద్దవుతుంది. ఆ ముద్దని గోలీకాయంత చేసి మా దగ్గరికి తెస్తారు. మేము దాన్ని మట్టి మూకుడులో పెట్టి గ్యాసు మంటతో కాలుస్తాం. పాదరసం పొగై పోతుంది, బంగారం మిగులుతుంది. దాన్ని తూచి కొంటాం. వీధిలో పదకొండు కొట్లుంటే పదకొండింటిలోనూ ఇదే పని.

కొట్టంటే మా ఇంటి ముందు గదే. మంట పట్టేది మా బావమరిది. వాడికి ఆ విద్య పుట్టుకతో వచ్చిందనేవారు. తెల్లటి ముద్ద పసుపు రంగుకి తిరిగే క్షణం వాడికి ముందే తెలిసిపోయేది. తవ్వేవాళ్ళు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూసేవారు. అలా బిగబట్టడం ఒక విధంగా వాళ్ళకి మంచిదే అయింది. రోజంతా బిగబట్టలేనివాడు మావాడొక్కడే.

ఆ పొగ విషమని చెప్పి, కొట్టుకొకటి చొప్పున ఆఫీసు వాళ్ళు ఆ పాత్ర ఇచ్చారు. తళతళలాడే స్టీలు గిన్నె, దానికి బిగుతు మూత, మూతలోంచి వంగిన గొట్టం. ముద్ద లోపల పెట్టి, మూత బిగించి, కింద నిప్పు పెడితే పొగ గొట్టంలోకి వెళ్ళి చల్లబడి, మళ్ళీ పాదరసమై చుక్కలు చుక్కలుగా నీళ్ళ గిన్నెలో పడుతుంది. గాలిలో కలవదు. ఎంత బాగా ఆలోచించారో అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. ఆలోచించినవాడు వేరు, రసీదు రాసినవాడు వేరు.

మంట పట్టేవాడని మా బావమరిది చేత సంతకం చేయించుకున్న ఆ రసీదులో ‘పాత్రను ఇచ్చిన స్థితిలోనే భద్రపరచవలెను’ అని ఉంది. అది చూడడానికి నెలకోసారి ఒక ఆఫీసరు వచ్చేవాడు. జేబులోంచి తెల్ల రుమాలు తీసి పాత్ర లోపలా బయటా తుడిచి, వెలుగులో పెట్టి చూసేవాడు. వీధిలో అందరూ ఆయన్ని రుమాలు సారు అనేవాళ్ళు. మొదటి నెలలో మూలకొట్టు ముసలాయన పాపం పాత్రని రెండుసార్లు వాడాడు. రుమాలుకి మసి అంటింది. ‘అజాగ్రత్త’ అని రాసి, పదిహేను రోజులు కొట్టు మూయించారు.

దాంతో వీధి మొత్తానికి బుద్ధి వచ్చింది. పాత్రలన్నీ అద్దాల బీరువాల్లోకి ఎక్కాయి. నేనూ ఒక బీరువా చేయించాను. దేవుడి పటాల మీద దుమ్ము పేరుకుంటే మరిచిపోయేవాణ్ణి గానీ, దీని మీద ఈగ వాలనిచ్చేవాణ్ణి కాదు. ఏడాది తిరిగేసరికి మాది ఆదర్శ భద్రతా వీధి అని వీధి మొదట్లో బోర్డు పెట్టారు. రెండేళ్ళలో పదకొండు కొట్ల పొగకి ఆ బోర్డు అంచులు పచ్చబడ్డాయి.

మూడో ఏట మా బావమరిది చేతులు వణకడం మొదలైంది. ముందు టీ గ్లాసు సాసర్లో టకటకలాడింది. తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి వాళ్ళక్క కావలసి వచ్చింది. చీటికీ మాటికీ కోపం తెచ్చుకునేవాడు. రాత్రి బాగా నిద్ర పట్టదనేవాడు. డాక్టరు చేతులు చాపమని చూసి, ఏం పని చేస్తావని అడిగి, ఆ పొగ మానకపోతే రేపు అన్నం ముద్ద కూడా ఎవరో నోట్లో పెట్టాల్సి వస్తుందని చెప్పాడు. మందు రాయమంటే, పొగ మానడమే మందన్నాడు.

ఆ సాయంత్రం నా భార్య బీరువా ముందు నిలబడి చాలాసేపు ఆ పాత్రనే చూసింది. “దీనికి చేసిన సేవలో సగం మా తమ్ముడికి చేసి ఉంటే వాడు బాగుండేవాడు కదండీ,” అంది. వాడి చేతి పనుండబట్టే కదా మా కొట్టు నడిచింది! ఆ పూట దణ్ణం పెట్టుకుంటుంటే, దేవుడు నన్ను తప్ప ఇంకెవరినీ చూడడం లేదనిపించింది.

తర్వాతి తనిఖీలో, మర్యాద తప్పకుండానే, రుమాలు సారుని అడిగాను.

“సార్, వాడితేనే కదా ఇది ప్రాణం కాపాడేది?”

“వాడితే పాడవుతుందండీ,” అన్నాడాయన ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. “పాడయ్యాక ఇక మీకు భద్రత ఎక్కడిది?”

ఆ మాట విని నా భార్య వాదనకి దిగలేదు. మర్నాడు ఒక దారం తీసుకుని పాత్ర పొడుగూ చుట్టుకొలతా కొలిచి, ముడులు వేసుకుని, వెల్డింగు చేసే అతని దగ్గరికి వెళ్ళింది. అతను పాత ఇనుముతో అలాంటిదే ఇంకొకటి చేసి ఇచ్చాడు. చూస్తే దిష్టిబొమ్మలా ఉంది. గొట్టం ఒక పక్కకి తిరిగి ఉంది. మూతకి పెద్ద బోల్టు, దాన్ని తిప్పడానికి పానా. పెరట్లో, ఇంటికి దూరంగా బొగ్గుల పొయ్యి వేయించింది.

మొట్టమొదట కాదన్నది మా బావమరిదే. మూత వేసి ఉడకబెట్టడానికి నేనేమైనా వంటవాడినా అన్నాడు. మంట చేతిలో ఉంటేనే తను మనిషినన్నాడు. తవ్వేవాళ్ళు కూడా ఒప్పుకోలేదు. కళ్ళెదుట పసుపు తిరిగితేనే బంగారం, మూత కింద ఏం జరిగిందో ఎవడికి తెలుసు అన్నారు. వాళ్ళని తప్పు పట్టలేను. మూతలు వేసిన చోటల్లా ఏదో ఒకటి తగ్గడం వాళ్ళు చూసినవాళ్ళే.

దీనికీ ఉపాయం నా భార్యే చెప్పింది. పానా తెచ్చి తవ్వేవాళ్ళలో ఒకడి చేతిలో పెట్టింది. “మూత నువ్వే బిగించు అన్నా. పక్కనే కూర్చో. చల్లారాక నువ్వే విప్పుకో. మా చెయ్యి తగలదు,” అంది.

వాడు ముద్ద పెట్టి, మూత అంచుకి తడిమట్టి రాసి, బోల్టు బిగించి, తాళం వేసినవాడిలా పానా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. పొయ్యి రాజుకుంది. గొట్టానికి చుట్టిన తడిగుడ్డ మీద మా ఆవిడ చెంబుతో నీళ్ళు పోస్తూ ఉంది. కాసేపటికి గొట్టం కొసన ఒక తెల్లటి చుక్క ఊగి కింద గిన్నెలో పడింది. తర్వాత ఇంకొకటి. చల్లారాక వాడు మూత విప్పితే లోపల పసుపుగా బంగారం ఉంది. వాడు దానికంటే గిన్నెలోకే ఎక్కువసేపు చూశాడు. అడుగున అరచెంచాడు పాదరసం, కదిలిస్తే పరుగెత్తుతోంది.

“ఒక్క ముద్దలోనే ఇంతుందే! ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడికి పోయినట్టు?” అన్నాడు.

మా బావమరిది రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ తవ్వేవాడు పాదరసాన్ని సీసాలో పోయించుకుని పోయి కొండంతా చెప్పాడు. తిరిగొచ్చే పాదరసం కోసమైనా కొందరు పెరట్లోకి రాసాగారు. కొందరికి మాత్రం మంటే కావాలి. ముందు గదిలో మా బావమరిది వాళ్ళకి మంట పడుతూనే ఉన్నాడు. వద్దంటే నామీద విరుచుకుపడేవాడు. వాడు మానితే తప్ప నా భార్యకి నిద్ర లేదు. ఆవిడకి లేకపోతే నాకూ లేదు.

ఇలా ఉండగా తనిఖీ వచ్చింది. బీరువాలో పాత్రకి ఎప్పటిలాగే పూర్తి మార్కులు పడ్డాయి. రుమాలు సారు వెళ్ళబోతూ బొగ్గు వాసనకి పెరట్లోకి తొంగి చూశాడు. అక్కడ తవ్వేవాడొకడు పానాతో బోల్టు బిగిస్తున్నాడు. ఇదేమిటన్నాడు. మీ పాత్ర చేయాల్సిన పని ఇది చేస్తోందని మా ఆవిడ చెప్పింది. రిజిస్టరులో లేని వస్తువు ప్రమాదకరమనీ, దాన్ని పట్టుకుపోవాలనీ ఆయన అన్నాడు. నేను నసుగుతున్నాను. అప్పుడు లోపల్నుంచి మా బావమరిది వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఆ అద్దాల్లోది పట్టుకుపోండి సార్. ఇది ఉండనివ్వండి.”

వాడి నోట ఆ మాట వస్తుందని నేననుకోలేదు. ఆయన ఆలోచనలో పడ్డాడు. పూర్తి మార్కులు వచ్చినదాన్ని పట్టుకుపోవడం కుదరదు. చివరికి ఒక కాగితం రాశాడు. ఆఫీసు పాత్ర ఇంతవరకూ వాడబడలేదనీ, కాబట్టి సురక్షితంగా ఉన్నదనీ, ఈ రెండో పాత్ర వల్ల ఏం జరిగినా ఆఫీసుకి సంబంధం లేదనీ. మూడేళ్ళ కింద రసీదు మీద సంతకం చేసింది మా బావమరిదే కాబట్టి ఇక్కడా వాడే చేయాలన్నాడు.

వాడు పెన్ను పట్టుకున్నాడు. కాగితం మీద ఏదో పురుగు పాకినట్టయింది. సారు ఇంకోసారి చేయమన్నాడు. వాడు నాలుగుసార్లు చేశాడు. ఆయన పాత రసీదు పక్కన పెట్టుకుని చూశాడు. అందులో వాడి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. రెండూ కలవడం లేదనీ, ఆ మనిషీ ఈ మనిషీ ఒకరే అని తను రాయలేననీ అన్నాడు.

“ఆ సంతకానికీ ఈ సంతకానికీ మధ్య మూడేళ్ళూ మీ పాత్ర బీరువాలోనే ఉంది సార్,” అంది నా భార్య.

ఆయన తల ఎత్తలేదు. చెడ్డవాడు కాడనే అనుకుంటాను. వేలిముద్ర వేయించండి అని మాత్రం మెల్లగా అన్నాడు. వాళ్ళక్క వాడి మణికట్టు పట్టుకుని అదిమితే ముద్ర పడింది. అది కూడా కొంచెం చెదిరింది. ఆయన చాలనుకుని కాగితం మడిచి వెళ్ళిపోయాడు.

మా బావమరిది ముందు గదిలోకి వచ్చాడు. అప్పటికే ఇద్దరు ముద్దలు పట్టుకుని మంట కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళని పెరట్లోకి పొమ్మన్నాడు. గ్యాసు కట్టేసి, దాని గొట్టం నుంచి మంట పట్టే పిడిని విప్పడం మొదలుపెట్టాడు. మర మీద వేళ్ళు నిలవడం లేదు. నేను లేవబోతే నా భార్య కూర్చోమని సైగ చేసింది. చాలాసేపు పట్టింది. చివరికి వాడే విప్పాడు.