సీలు తియ్యని డబ్బా

సంచి సర్దడం నా పని. నా కొడుకు జగన్నాధం షెడ్డులో కారు కింద పడుకుని పని చేసుకుంటుంటే, నేను చీటీ చూసుకుంటూ ఒక్కొక్కటీ సంచిలో పెడుతున్నాను. బ్రేకు ప్యాడ్లు రెండు జతలు, చక్రాల నట్లు బిగించే పెద్ద స్పానరు, టైర్ల గాలి చూసే మీటరు, బ్రేకాయిలు డబ్బా ఒకటి.

"బ్రేకాయిలు ఎట్టేవా అమ్మా?"

"ఎట్టేన్రా."

"నీ పేరు సీటీలో ఉందో లేదో సూసుకో బావా. లేపోతే అత్త నిన్ను బండెక్కనివ్వదు" అంది కోడలు యమున.

కొత్తవలసలో మా షెడ్డుకి వచ్చేవి ఎక్కువగా ఆటోలే. ఈ ఎర్రటి రెండు సీట్ల కారు విజయనగరం గణపతిరావు గారిది. నెలకోసారి ట్రాలీ మీద చెన్నై అవతలికి తీసుకెళ్లి, రేసు ట్రాకు మీద తిప్పుతారు. పందెం కాదు. ఎంత వేగం పోతే అంత తిప్పుకోవడమే. అక్కడ ఒక్కరోజు తిరిగితే రోడ్డు మీద ఏడాది తిరిగినంత అరుగుదలట. వచ్చిన ప్రతిసారీ జగన్నాధం చక్రాలు విప్పి ప్యాడ్ల మందం కొలిచేవాడు. ఇంజనాయిలు మార్చేవాడు. బ్రేకాయిలు మాత్రం ట్రాకు దగ్గరే, అప్పటికప్పుడు కొత్త డబ్బా తీసి పోసేవాడు. మొదటి రౌండ్లు తనే తిప్పి, బాగుందన్నాకే ఆయన్ని ఎక్కనిచ్చేవాడు. మూడేళ్లలో ఆ కారు ఒక్కసారీ మొరాయించలేదు.

"సీలు తీసిన డబ్బా గాల్లో సెమ్మ లాగేస్తాదే. సెమ్మ పట్టిన ఆయిలు వేడికి మరిగిపోద్ది. అప్పుడు బ్రేకు తొక్కితే కాలు కిందకి దిగిపోద్ది గాని కారాగదు" అని వాడు నాకు ఎప్పుడో చెప్పాడు. మిగిలిన ఆయిలు ఆటోలకి వాడేవాడు.

శుక్రవారం మూడింటికి, కారుతో పాటు వాణ్ణీ ఎక్కించుకుని ట్రాలీ కదిలింది. నేను షెడ్డులోకొచ్చి అర తుడుస్తుంటే డబ్బా ఒకటి చేతికి తగిలింది. మూత చుట్టూ సీలు అలాగే ఉంది. నేను సంచిలో పెట్టింది పోయిన నెల వాడగా మిగిలిన డబ్బా.

బయటికి పరిగెత్తాను. రైల్వే గేటు పడి ఉంది. కిరండూల్ గూడ్సు పోతోంది. ట్రాలీ గేటు ముందు ఆగి ఉంది. కేకేస్తే వినపడే దూరం.

పిలవలేదు.

మేం సముద్రం ఒడ్డు వాళ్లం. మా ఆయన అప్పలసూరి వేటకి బయల్దేరిన రోజు, క్యారేజీ మర్చిపోయాడని వెనక నుంచి పిలిచాను. ఇసకలో వెనక్కి నడిచొచ్చి తీసుకుని వెళ్లాడు. పడవ వచ్చింది గానీ ఆయన రాలేదు. దినం నాడు మా అత్త అందరి ముందూ "ఎనక్కి పిలిసి సంపేసింది" అంది. నేను నమ్మాను. అప్పట్నుంచీ బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవలేదు.

గూడ్సు పోయింది. గేటు లేచింది.

ఫోను చేసినా వెనక్కి పిలిచినట్టే కదా. చేరాక చేస్తే పిలిచినట్టు కాదు. అలా లెక్క వేసుకున్నాను.

"ఏటత్తా, ఆ డబ్బా ఒళ్లో ఎట్టుకు కూకున్నావు?"

"ఏటీ లేదే."

శనివారం సాయంత్రం వాడే యమునకి ఫోను చేశాడు. ట్రాలీ టైరు పంక్చరైందట, ఆలస్యమవుతుందట. "అత్తా, మాటాడతావేటి?" అని యమున ఫోను చాపింది. ఇంకా దారిలోనే ఉన్నాడు. తల అడ్డంగా ఊపాను.

"అలిగిందిరో మీయమ్మ" అంది యమున ఫోనులో. అవతల వాడు నవ్వడం నాకు వినపడింది.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి, చేరే ఉంటాడని ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మూడోసారి గణపతిరావు గారు ఎత్తారు. "అమ్మా, ఒకసారి యమునకివ్వండి" అన్నారు.

ఆయన తరవాత ఇంటికొచ్చి అంతా చెప్పారు. తెల్లారాక చేరారట. డబ్బా మూత తిప్పగానే సీలు లేదని జగన్నాధం చూశాడట. దగ్గరలో దుకాణం లేదు. ఇంతదూరం వచ్చాక ఉత్తినే తిరిగి వెళ్లలేక, ఆ ఆయిలే పోసి, "మెల్లగా నాలుగు రౌండ్లు తిప్పి సూస్తానండి" అన్నాడట. మూడో రౌండులో, మలుపు దగ్గర, బ్రేకు లైటు వెలిగిందట గానీ కారు ఆగలేదట. "సీలు లేని డబ్బా ఎలా వచ్చిందో ఏమిటో" అన్నారాయన. యమున నా వైపు చూడలేదు. నాకు ముందే తెలుసని ఆ పిల్లకి తెలీదు. ఎవరికీ తెలీదు.

దారిలో ఎన్ని ఊళ్లున్నాయో, ఎన్ని దుకాణాలున్నాయో యమున ఫోనులో మ్యాపు పెట్టించుకుని చూశాను. రాజమండ్రి, విజయవాడ, ఒంగోలు, నెల్లూరు. ఎక్కడైనా దొరికేది.

నా కొడుకు జగన్నాధం 2024 ఫిబ్రవరి తొమ్మిది, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి ఇంటి నుంచి వెళ్లాడు. పదకొండు, ఆదివారం పొద్దున్న ట్రాకు మీద చనిపోయాడు. తిరిగి రాలేదు.